చిన్న పెట్టె, పెద్ద సెగ

వేసవి మధ్యాహ్నం మట్టికుండలోని నీరు గదిలోని గాలికంటె చల్లగా ఉంటుందన్నది మన దేశంలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. అందువల్లనే కాబోలు, కంప్యూటరును నీటితో చల్లబరుస్తారని వినగానే చాలామంది ఆ కుండనే ఊహించుకుంటారు. నీరన్నాక చల్లదనం తప్పదనుకుంటారు. ఆ భ్రమతోనే బజారుకు వెళ్ళి, కంటికి నదురుగా కనిపించిన రేడియేటరును కొని తెచ్చుకుంటారు. తీరా ఇంటికి వచ్చాక అది క్యాబినెట్టులో పట్టదు. ఎలాగో పట్టించినా రోహిణీకార్తెలో చేతులెత్తేస్తుంది.

కుండలో జరిగేది వేరు. మట్టి రంధ్రాల గుండా ఊరిన నీరు ఆవిరి అవుతూ, అందుకు కావలసిన వేడిని లోపలి నీటినుంచే గుంజుకొంటుంది. కంప్యూటరు రేడియేటరులోని నీరు మూసిన గొట్టాలలో తిరిగేది. ఆవిరి కావటానికి దానికి దారి లేదు. కనుక అది ఎన్నటికీ గదిలోని గాలికంటె చల్లబడజాలదు. ఇక్కడ నీటిది మోతపని మాత్రమే. ప్రాసెసరు మీద కూర్చున్న రాగి దిమ్మెలో వేడిని ఎత్తుకొని, గొట్టాల వెంట ప్రయాణించి, రేడియేటరు దగ్గర గాలికి అప్పగించి, ఖాళీ చేతులతో తిరిగి వస్తుంది. మోతపనిలో నీటికి సాటి లేదన్నది నిజమే. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కుతూ మోయగల ఉష్ణాన్ని మోయటానికి సుమారు మూడున్నర వేల లీటర్ల గాలి కావాలి. కాని చివరకు ఆ బరువును అందుకోవలసింది ఆ గాలే గదా! రేడియేటరును ఎంచుకోవటంలోని చిక్కంతా ఈ ఒక్క మాటలో ఉన్నది. కొనేవాడు లోహాన్ని చూస్తాడు. పని జరిగేది గాలి వల్ల.

ఇంత ప్రయాస ఎందుకు వచ్చిందో చూద్దాం. 1993లో వెలువడిన తొలి పెంటియం ప్రాసెసరు వెదజల్లిన వేడి సుమారు 15 వాట్లు. ఆనాడు చిటికెడు అల్యూమినియం, అరచేతిలో సగం కూడా లేని ఫాను దానికి సరిపోయాయి. 2025లో వచ్చిన ఎన్విడియా ఆర్‌టిఎక్స్ 5090 గ్రాఫిక్స్ కార్డు ఒక్కదానికే 575 వాట్లు! వెనుకటి రోజులలో నీటి గొట్టాలు, శీతల ద్రవాలు మహాయంత్రాల వైభవానికి చిహ్నాలు. 1985 నాటి క్రే-2 యంత్రంలో విద్యుత్ పలకలన్నీ ఒక నిర్జీవ ద్రవంలో మునిగి ఉండేవి. అటువంటి ఏర్పాట్లకు గదులు, సిబ్బంది, ప్రభుత్వ నిధులు ఉండేవి. ఈనాడు అదే సమస్య బల్లమీది పెట్టెలోకి వచ్చి కూర్చున్నది. పైగా ఆ పెట్టె కుంచించుకుపోతున్నది. 2001లో తైవాను సంస్థ వియా ప్రవేశపెట్టిన మినీ-ఐటిఎక్స్ మదర్‌బోర్డు కొలత 17 సెంటీమీటర్ల చదరం. దాని చుట్టూ అల్లుకున్న చిన్న క్యాబినెట్లకు ఇప్పుడు ప్రపంచమంతటా అభిమానులున్నారు. మన నగరాలలో ఇరుకు గదులలో అద్దెకుండి వీడియోలు కూర్చేవారికీ, ఇళ్ళ నమూనాలు గీసేవారికీ అది విలాసం కాదు, అవసరం.

ఉదాహరణకు ఎన్‌కేస్ ఎం1 అనే పెట్టెను తీసుకుందాం. 2013 ప్రాంతంలో వచ్చి ఈ తరహా క్యాబినెట్లకు ఒరవడి పెట్టినవాటిలో అదొకటి. వెడల్పు 160, ఎత్తు 240, పొడవు 328 మిల్లీమీటర్లు. అంటే ఘనపరిమాణం సుమారు 12.6 లీటర్లు. మన ఇళ్ళలో తాగునీరు తెచ్చుకునే 20 లీటర్ల క్యాన్‌లో మూడింట రెండు వంతులైనా లేదు. ఇందులో 100 వాట్ల ప్రాసెసరు, 250 వాట్ల గ్రాఫిక్స్ కార్డు పెట్టామనుకుందాం. మొత్తం 350 వాట్లు, అనగా వెనుకటి నూరు వాట్ల బల్బులు మూడున్నర. బయటికి పోయే గాలి లోనికి వచ్చిన గాలికంటె 10 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి వేడెక్కకుండా ఈ ఉష్ణాన్ని మోసుకుపోవాలంటే సెకనుకు సుమారు 30 లీటర్ల గాలి నడవాలి. ఆ చిన్న పెట్టె సెకనుకు రెండుసార్లకు పైగా తన కడుపు నిండా ఊపిరి పీల్చి వదలాలన్నమాట. కాగితం మీద రెండు మామూలు ఫాన్లు ఈ గాలిని అవలీలగా తోలగలవు. కాని వాటి ముందు దట్టమైన రాగిరేకుల మడతలు, వెనుక తీగల చిక్కులు, పక్కన చిల్లుల రేకు ఉన్నప్పుడు ఆ లెక్క సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు.

ఇక రేడియేటరు కొలతల మాట. వీటికి పేర్లు ఫాన్లనుబట్టి వచ్చాయి. 120 మి.మీ. ఫాను ఒకటి పట్టేది 120. రెండు పట్టేది 240. మూడు పట్టేది 360. అలాగే 140 మి.మీ. ఫాన్లు రెండు పట్టేది 280. అసలు విలువ గాలి తగిలే ముఖవైశాల్యానిది. 240 రకానికి అది 288 చదరపు సెంటీమీటర్లు. 280 రకానికి 392. చూపుకు స్వల్పమైన ఈ తేడా మూడో వంతుకు పైగా లాభమిస్తుంది. 360 రకానికి ఉన్నది 432 మాత్రమే. కాబట్టి పొడవు చాలని పెట్టెలో కాస్త వెడల్పు దొరికితే 280ని మించిన బేరం లేదు. చిన్న క్యాబినెట్లలో చాలావాటికి ఆ వెడల్పు ఉండదన్నది వేరు సంగతి.

ఈ విద్యలో చేయి తిరిగినవారు ఒక ఉరామరి లెక్క పెట్టుకున్నారు. ఫాన్లు చెవికి ఇబ్బంది లేని వేగంతో తిరిగేటప్పుడు, ప్రతి 120 మి.మీ. భాగమూ సుమారు 100 వాట్లను వదిలించగలదు; అప్పుడు నీరు గది గాలికంటె 10 డిగ్రీలు వేడిగా ఉంటుంది. వేడి పెరిగితే ఈ తేడా కూడా అదే పాళ్ళలో పెరుగుతుంది. మన ఉదాహరణలో 350 వాట్లు, 240 రేడియేటరు. తేడా 17, 18 డిగ్రీలు. చల్లని దేశంలో, 22 డిగ్రీల గదిలో కూర్చున్నవాడికి నీరు 40 వద్ద ఆగుతుంది. అతడు తన ఎంపికను మెచ్చుకుంటూ నలుగురికి సిఫారసు చేస్తాడు. అదే యంత్రం విజయవాడలోనో నాగపూరులోనో మే నెలలో, ఎయిర్‌కండిషనరు లేని 38 డిగ్రీల గదిలో ఉంటే? నీరు 55, 56కు చేరుతుంది. ఈ యంత్రాలలో వాడే పంపులలో ఎక్కువ రకాలకు తయారీదారులు చెప్పే గరిష్ఠ హద్దు 60 డిగ్రీలు. గట్టి ప్లాస్టిక్ గొట్టాలలో పెట్-జి అనే రకం ఆ దరిదాపుల్లో మెత్తబడి బిగింపులనుంచి జారే ప్రమాదం ఉన్నది. చిప్పు వేడి నీటికంటె ఎల్లప్పుడూ పైనే ఉంటుందని మరువరాదు. అద్దె గదిలో అప్పు చేసి లక్షన్నర పెట్టి కూర్చుకున్న యంత్రం, రేపు అప్పగించవలసిన పని సగంలో ఉండగా ఆగిపోవటమో, అంతకంటె ఘోరంగా తడిసిపోవటమో జరిగేది ఇటువంటి మధ్యాహ్నాలలోనే. విదేశీయుల సిఫారసులను చదివి రేడియేటరు కొనే భారతీయుడు ముందుగా గోడకు ఒక ఉష్ణమాపకం తగిలించి, మధ్యాహ్నం మూడు గంటలకు దాన్ని చూడటం మంచిది.

వైశాల్యం దొరకనివారు మందాన్ని ఆశ్రయిస్తారు. 30 మి.మీ. పలుచని రేడియేటరు బదులు 45, 60 మి.మీ. మందం కలవి దొరుకుతాయి. లోహం రెట్టింపు గనుక ఫలితమూ రెట్టింపే అనుకోవటం సహజం. అలా జరగదు. నెమ్మదిగా వచ్చే గాలి మొదటి మూడు సెంటీమీటర్లు దాటేసరికే చాలావరకు వేడెక్కిపోతుంది. తరువాతి మూడు సెంటీమీటర్లలో అది మోయటానికి మిగిలేది స్వల్పం. మందమైన రేడియేటరు నుంచి పూర్తి ఫలం పిండాలంటే ఫాన్లను వేగంగా తిప్పాలి, లేదా రెండు వైపులా ఫాన్లు పెట్టి ఒకవైపునుంచి నెట్టించి, మరొకవైపునుంచి లాగించాలి. మొదటిది చెవులకు శిక్ష. రెండోది చిన్న పెట్టెలో అసాధ్యం. ఫాను వేగం సగానికి తగ్గితే చప్పుడు సుమారు 15 డెసిబెళ్ళు తగ్గుతుందని ఇంజనీర్ల సూత్రం. నిశ్శబ్దం కోసమే నీటిని ఆశ్రయించినవాడు ఫానుల హోరుకు గురికావటంకంటె హాస్యాస్పదమైనది ఉండదు. పన్నెండు లీటర్ల పెట్టెలో పలుచని రేడియేటరు, దానికి పూర్తి మందం గల 25 మి.మీ. ఫాన్లు పెట్టటమే వివేకం. మందమైన రేడియేటరుకు చోటు కోసం 15 మి.మీ. ఫాన్లతో సరిపెట్టుకోవటం, బండిని కొని ఎద్దులను అమ్ముకోవటం వంటిది.

రేకుల సాంద్రత కూడా చూడవలసినదే. రేడియేటరులో నీటి గొట్టాల మధ్య మడతలు మడతలుగా పొదిగిన రేకులను అంగుళానికి ఇన్ని అని లెక్కిస్తారు. అంగుళానికి 10 ఉంటే సందు రెండున్నర మిల్లీమీటర్లు. 22 ఉంటే మిల్లీమీటరుకు కాస్త పైన. దట్టమైన రేకులు వేగమైన ఫాన్లకు, అరుదైనవి నెమ్మదైన ఫాన్లకు తగినవని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మన దేశంలో దీనికి మరొక లెక్క ఉన్నది: దుమ్ము. వీధివైపు కిటికీ గల ఇంట్లో, పరుపుల దూది నూగు, అగరువత్తుల పొగ కలిసి మిల్లీమీటరు సందులను రెండు మూడు నెలల్లో కంబళిలా కప్పేస్తాయి. పైకి చూస్తే తెలియదు కూడా. ఫాను తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం నడవదు. 10 నుంచి 16 వరకు రేకులు గల రకం, ముందు ఊడదీసి కడగటానికి వీలైన వలజాలరు ఉంటే మన ఇళ్ళకు శ్రేయస్కరం.

కొనబోయే ముందు కొలబద్ద పట్టుకోవటం అన్నిటికంటె ముఖ్యం. 240 అన్నది రేడియేటరు పొడవు కాదు. రెండు చివరలా నీటి తొట్లు ఉంటాయి కనుక అసలు పొడవు సుమారు 270 నుంచి 285 మి.మీ. వరకు వస్తుంది. 328 మి.మీ. పెట్టెలో మిగిలే చోటెంతో పాఠకులే లెక్క వేసుకోవచ్చు. మందం మాటా అంతే: రేడియేటరు 30, ఫాను 25, వెరసి 55. 160 మి.మీ. వెడల్పులో మూడో వంతు అక్కడే ఖర్చు. గొట్టం తగిలించే ఫిట్టింగులు లోపలివైపుకు పొడుచుకొని వస్తాయి. అవి సరిగ్గా ఎస్.ఎం.పి.ఎస్. తీగలు గుమిగూడే చోటికే వస్తాయి. గొట్టం మడతపడకుండా వంగటానికి మరికొంత చోటు కావాలి. చెప్పుల పెట్టె అట్టతో అదే కొలతలకు రేడియేటరు, ఫాన్ల నమూనా చేసి, ఖాళీ క్యాబినెట్టులో ఇరికించి చూస్తే పది నిమిషాలలో తేలిపోతుంది. ఈ అట్టముక్క ఎందరి డబ్బును కాపాడగలదో చెప్పలేము.

చిన్న పెట్టెలో తప్పుకు తావు లేదనటానికి మరలే సాక్ష్యం. రేడియేటరుకు ఫానును బిగించే మర సాధారణంగా 30 మి.మీ. పొడవుంటుంది. 25 మి.మీ. ఫానులోంచి దూరి 5 మి.మీ. లోనికి వెళుతుంది, అది సరిపోతుంది. అదే మరను 15 మి.మీ. ఫానుతో వాడితే లోనికి పోయేది 15 మి.మీ. దాని మొన తిన్నగా రాగిరేకులను చీల్చుకొని నీటి గొట్టాన్ని పొడుస్తుంది. బిగించేవాడికి కాస్త గట్టిగా తగిలినట్టు ఉంటుంది, అంతే; మరో అరచుట్టు తిప్పుతాడు. వేల రూపాయల వస్తువు ఆ అరచుట్టుతో చెత్తబుట్ట పాలు. కొన్ని మంచి రకాలలో మర రంధ్రాల కింద అడ్డుపలకలు ఉంటాయి. ఉన్నాయో లేవో కొనేటప్పుడే చూసుకోవాలి. మరలను కొలిచిగాని బిగించరాదు.

లోహం విషయంలో మొహమాటం పనికిరాదు. ప్రాసెసరు మీది దిమ్మె రాగిదైతే రేడియేటరు కూడా రాగి, ఇత్తడులదే కావాలి. రాగి, అల్యూమినియం ఒకే నీటిలో ఉంటే అది ఒక విద్యుత్ ఘటమై కూర్చుంటుంది. అల్యూమినియం నెమ్మదిగా తినబడుతుంది. కర్మాగారంలో సీలు చేసి అమ్మే సిద్ధ పరికరాలలో అల్యూమినియం రేడియేటరును, రాగి పలకను కలిపి వాడుతున్న మాట నిజమే. అక్కడ తుప్పునిరోధక ద్రవాన్ని కొలతగా కలిపి మూత బిగిస్తారు. ఇంట్లో కూర్చుకొనే ఏర్పాటుకు ఆ ధీమా లేదు. బజారులో చవకగా దొరికే నల్లరంగు అల్యూమినియం రేడియేటర్లు చూపుకు అచ్చం రాగివాటిలాగే ఉంటాయి. చేతిలోకి తీసుకొని బరువు చూస్తే గుట్టు బయటపడుతుంది. రాగి అల్యూమినియంకంటె మూడు రెట్లకు పైగా బరువైన లోహం. కొత్త రాగి రేడియేటరులో టంకం వేసినప్పటి మడ్డి మిగిలి ఉంటుంది. వేడి డిస్టిల్డ్ వాటరు పోసి, ఊపి, పారబోసి, నీరు తేటగా వచ్చేదాకా కడగనిదే వాడరాదు. లేకుంటే ఆ మడ్డి ప్రాసెసరు దిమ్మెలోని వెంట్రుకవాసి సందులలో చేరి కూర్చుంటుంది. కొళాయి నీరు మాత్రం పనికిరాదు.

పెట్టెలో వస్తువుల వరుస గురించి చాలామంది అనవసరంగా బెంగపడతారు. ప్రాసెసరును దాటి వేడెక్కిన నీరు గ్రాఫిక్స్ కార్డుకు వెళితే చెరుపు కాదా అని. నిమిషానికి 3 లీటర్ల నీరు తిరిగే ఏర్పాటులో 350 వాట్ల వేడి మొత్తం కలిసినా, ఒక చుట్టులో నీరు వేడెక్కేది రెండు డిగ్రీల లోపే. కనుక గొట్టం ఎక్కడ పొట్టిగా, తిన్నగా వెళ్ళగలదో అక్కడికే పంపటం మేలు.

గాలి దిశ అటువంటిది కాదు. ఫాన్లు బయటి గాలిని రేడియేటరులోంచి లోపలికి లాగితే నీరు బాగా చల్లబడుతుంది. కాని ఆ వేడిగాలి మదర్‌బోర్డు మీద, ఎస్.ఎం.పి.ఎస్. మీద పడుతుంది. బయటికి వెళ్ళగొడితే లోపలి పరికరాలు సుఖపడతాయి, నీరు కాస్త వేడెక్కుతుంది. పక్కగోడకు తగిలించిన రేడియేటరుకు లోనికి లాగే పద్ధతి, పైకప్పుకు తగిలించినదానికి వెళ్ళగొట్టే పద్ధతి సాధారణంగా కుదురుతాయి. ఏ పద్ధతి పెట్టినా, క్యాబినెట్టును చెక్కబల్ల అరలో దూర్చి తలుపు వేస్తే మాత్రం అది విడిచిన గాలినే తిరిగి పీల్చుకుంటుంది. మన ఇళ్ళలో దుమ్ముకు భయపడి చేసే ఈ పని రేడియేటరు ఎంపికలోని సకల వివేకాన్నీ వృథా చేస్తుంది.

ఇన్ని లెక్కలు వేశాక, అసలు ఈ ఏర్పాటు అక్కరలేదని తేలేవారూ ఉంటారు. ప్రాసెసరు 65 వాట్లదై, పెద్ద గ్రాఫిక్స్ కార్డు లేనప్పుడు మంచి రాగి నాళాల ఎయిర్ కూలరు చాలు. నీటి పని దండగ. నీరు తన విలువ చూపేది గ్రాఫిక్స్ కార్డు దగ్గర. ఆ కార్డు వాడే విద్యుత్తును కూడా సాఫ్టువేరు ద్వారా కాస్త కుదించవచ్చు. 450 వాట్ల కార్డును 70 శాతానికి, అంటే 315 వాట్లకు కట్టివేసినా పనితీరులో పోయేది బహు స్వల్పమని అనుభవం. పైసా ఖర్చు లేకుండా ఒక 120 రేడియేటరు అదనంగా దొరికినంత ఫలం! మరీ పెద్ద యంత్రం కావాలనుకునేవారు స్ప్లిట్ ఎయిర్‌కండిషనరు పద్ధతిని అనుసరిస్తున్నారు. పెట్టె బల్లమీద, రేడియేటరు బల్లకింద. జర్మనీకి చెందిన వాటర్‌కూల్ సంస్థ చేసిన మో-రా3 అనే రకంలో తొమ్మిది 120 మి.మీ. ఫాన్లు పడతాయి, గొట్టాలను బొట్టు కారకుండా ఊడదీసే బిగింపులను దానికి అమర్చుకోవచ్చు. అమెరికాలో 2000 ప్రాంతపు ఔత్సాహికులు పాత పాంటియాక్ కార్ల హీటరు రేడియేటర్లను ఊడదీసి వాడిన రోజులను ఇది గుర్తుకు తెస్తుంది.

అన్నీ బిగించాక చేయవలసినది మరొకటి మిగిలి ఉంటుంది. మదర్‌బోర్డుకు, కార్డుకు విద్యుత్తు ఇవ్వకుండా పంపును మాత్రమే తిప్పాలి. ప్రతి అతుకు కింద తెల్లటి టిష్యూ కాగితం పరచి, పెట్టెను అటూ ఇటూ వంచుతూ రేడియేటరులో చిక్కిన గాలిబుడగలను తొట్టిలోకి రప్పించి, నీరు తగ్గినప్పుడల్లా పోస్తూ ఉండాలి. బుడగల గలగల ఆగేసరికి కొన్ని గంటలు పట్టవచ్చు. ఒక రాత్రంతా అలాగే వదిలేసి, తెల్లవారి కాగితాలను ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూసి, అన్నీ పొడిగా ఉంటే అప్పుడు మిగతా తీగలు తగిలించవచ్చు.